698కి 4: ఆపరేషన్‌కీ మగతనానికీ ముడి ఉందా?

698, 4. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి జంటల లెక్క ఇది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 698 ఇళ్లలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ భార్యకు జరిగింది. భర్త చేయించుకున్న ఇళ్లు నాలుగే. దేశం మొత్తమ్మీద చూస్తే 379, 3.

అల్లూరి సీతారామరాజు జిల్లా డుంబ్రిగుడ లాంటి కొండ మండలంలో ఈ లెక్క మరీ బరువు. ఊరి నుంచి కాలిబాటన దిగి, జీపెక్కి ఆసుపత్రికి వెళ్లి, పొట్టకు కుట్లతో మళ్లీ అదే కొండ ఎక్కాల్సింది ఆమె. మగవాళ్లకు చేసే కోత, కుట్టు లేని వేసెక్టమీ పది పదిహేను నిమిషాల పని. 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ కనిపెట్టిన పద్ధతి అది. అయినా మగవాళ్లు జంకుతారు. బరువులు మోయలేమనీ, మగతనం పోతుందనీ భయం. 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 62 లక్షల వేసెక్టమీలు జరిగాయి. ఎమర్జెన్సీ నాటి ఆ బలవంతం భయాన్ని ఇంకా పెంచింది.

ఈ భయంలో నిజమెంతో తేలాలంటే ముందు తలలోకి చూడాలి.

0.5 గ్రాము: మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి బరువు ఇంచుమించు ఇంతే. దానికి పైన ఉన్న హైపోథాలమస్ దాదాపు 90 నుంచి 120 నిమిషాలకోసారి ఒక రసాయన సంకేతం పంపుతుంది. పది అమైనో ఆమ్లాల గొలుసు అది. దాన్ని ఛేదించిన పరిశోధనలకే ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్‌లకు 1977లో నోబెల్ దక్కింది.

2 హార్మోన్లు: సంకేతం అందగానే పీయూష గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. రెండూ వృషణాలకే చేరతాయి కానీ ఎవరి పని వారిది. ఎల్‌హెచ్ లేడిగ్ కణాలను తట్టి టెస్టోస్టెరాన్ తయారు చేయిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ సెర్టోలీ కణాలను కదిలించి వీర్యకణాలను పెంచి పోషింపజేస్తుంది.

5 నుంచి 7 మిల్లీగ్రాములు: మగవాడి ఒంట్లో రోజుకు తయారయ్యే టెస్టోస్టెరాన్. ఏడాదంతా పోగేసినా అర చెంచా పంచదార ఎత్తు. కండ బలం, గొంతు, గడ్డం, కోరిక అన్నీ దాని చలవే. రక్తంలో అది పెరిగితే పైనున్న హైపోథాలమస్, పీయూష గ్రంథి చేయి బిగిస్తాయి, తగ్గితే వదులు చేస్తాయి.

74 రోజులు: ఒక వీర్యకణం తయారవడానికి పట్టే కాలం. ఆ తర్వాత బయటికి వచ్చే దారిలో మరో రెండు వారాలు గడుస్తాయి.

అసలు కిటుకు ఇక్కడుంది. వీర్యకణాలు శుక్రవాహిక అనే గొట్టం గుండా వెళతాయి. టెస్టోస్టెరాన్ ఆ గొట్టం మొహం కూడా చూడదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. వేసెక్టమీలో మూసేది గొట్టాన్ని మాత్రమే. వానాకాలం ఘాట్‌రోడ్డు మీద కొండచరియ పడితే జీపు ఆగుతుంది, పక్కనున్న గెడ్డ ఆగదు కదా! పీయూష గ్రంథి, ఎల్‌హెచ్, లేడిగ్ కణాలు నిన్నటిలాగే పని చేస్తుంటాయి. బయటికి రాని వీర్యకణాలను శరీరమే పీల్చుకుంటుంది. వీర్యంలో వాటి వాటా 5 శాతం లోపే కనుక దాని పరిమాణంలోనూ తేడా తెలియదు. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులకు దూరం. ఆ తర్వాత కావడి మోయవచ్చు, కాఫీ తోటకూ వెళ్లవచ్చు.

మరి నీరసం, కోరిక తగ్గడం నిజంగానే ఉంటే? రక్తపరీక్ష ఉంది. టెస్టోస్టెరాన్ ఉదయం ఎక్కువగా ఉంటుంది కాబట్టి పదింటిలోపే రక్తం ఇవ్వాలి. పెద్దవారిలో డెసిలీటరు రక్తానికి 300 నుంచి 1,000 నానోగ్రాములు మామూలు. అది తగ్గి ఎల్‌హెచ్ పెరిగిందంటే లోపం వృషణాల్లో ఉన్నట్టు: పైనుంచి ఎంత పిలిచినా కింద పలకడం లేదు. ఎల్‌హెచ్ కూడా తగ్గిందంటే లోపం పైన, పీయూష గ్రంథిలోనో హైపోథాలమస్‌లోనో వెతకాలి. అతిగా మద్యం తాగితే రెండు చోట్లా దెబ్బ తగులుతుంది.

సొంతంగా హార్మోన్ ఇంజెక్షన్లు తీసుకోవడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే. బయటి నుంచి టెస్టోస్టెరాన్ వచ్చి పడితే పీయూష గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను ఆపేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ప్రకటించిన అధ్యయనంలో 271 మందికి వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. సగానికి పైగా మందిలో వీర్యకణాలు పూర్తిగా కనిపించకుండా పోయాయి. మగతనం కోసం వేసుకునే సూదే సంతానానికి అడ్డం పడుతుందన్నమాట.

ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది భార్యాభర్తలు కలిసి తేల్చుకోవాల్సిన మాట. బలవంతానికి అందులో చోటు లేదు. పిల్లలు చాలనుకున్న తర్వాతే ఆలోచించాలి, ఎందుకంటే మూసిన గొట్టాన్ని తిరిగి కలపడం ప్రతిసారీ ఫలించదు. చేయించుకున్నాక మూడు నెలలు వేరే జాగ్రత్త పాటించి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే నిశ్చింతగా ఉండాలి. ఏటా నవంబరు 21 నుంచి డిసెంబరు 4 వరకు దేశమంతటా వేసెక్టమీ పక్షోత్సవాలు జరుగుతాయి. ఈసారి ఏఎన్ఎం గడప తొక్కినప్పుడు ఆమె చెప్పేది ఇంటాయన కూడా కూర్చుని వినాలి.