కబురు రాని చక్రం
(కార్ల టైర్లలో గాలిని కనిపెట్టే ఏర్పాటు గురించి)



దాణా గురించి, దూడల పెంపకం గురించి చదువుకునే ఈ పేజీలో మోటారు టైర్ల సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. మన సంఘాలున్న గ్రామాలలో ఇప్పుడు కార్లున్న ఇళ్లు చాలానే కనిపిస్తున్నాయి. కొత్త కార్లలో స్టీరింగు ముందున్న మీటర్ల మధ్య ఒక చిన్న పసుపు దీపం ఉంటుంది. గుర్రపు నాడా వంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం దాని గుర్తు. అది వెలిగితే అర్థమేమిటో తెలియక చాలామంది చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు. మేమూ అలాగే వదిలేశాము. దాని ఫలితం అనుభవించాము గనుకనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కిందటి వర్షాకాలంలో ఒక సంఘం తనిఖీకి అద్దె కారులో బయలుదేరాము. దారిలో సంఘ కార్యదర్శి గారు, ఆయన మనుమడు ఎక్కారు. బండి స్టార్టు చేయగానే ఆ పసుపు దీపం ఒక నిమిషం పైగా కొట్టుకుని, తరువాత ఆరకుండా నిలిచిపోయింది. "ఏమిటయ్యా అది?" అని అడిగాము. "ఏం లేదు సార్, వెనక ఎడమ చక్రంలో సెన్సారు పోయింది. ఆరు నెలలుగా ఇంతే. బండి బానే పోతోంది" అన్నాడు డ్రైవరు. రిజిస్టరులో ఒక్క సంతకం లేకపోతే అభ్యంతరం రాసే మేము ఆ మాటకు సరేనని ఊరుకున్నాము.

తిరుగు ప్రయాణంలో, చీకటి పడ్డాక, కాలువ గట్టు మీద బండి ఎడమ పక్కకు లాగేసింది. డ్రైవరు గట్టివాడు కాబట్టి కాలువకు రెండు గజాల ఇవతల ఆపగలిగాడు. దిగి చూస్తే ముందు ఎడమ టైరులో గాలి లేదు. మేకు దిగి, దారి పొడుగునా కొంచెం కొంచెంగా కారిపోయింది. ఆ చక్రంలోని సెన్సారు బాగానే ఉందని తరువాత మెకానిక్ చెప్పాడు. అది కబురు పంపే ఉంటుంది. కాని పొద్దుటి నుంచి వెలుగుతున్న దీపం మళ్లీ కొత్తగా ఎలా వెలుగుతుంది?

మేము సహకార డిప్లొమా వాళ్లమే గాని ఇంజనీర్లము కాము. అయినా ఆ తరువాత తెలిసినవారిని అడిగి, చదివి గ్రహించిన విషయాలు ఇవి.

ఏర్పాటు ఎలా వచ్చింది?

టైర్ ప్రెషర్ మానిటరింగ్ సిస్టమ్ అనే ఈ ఏర్పాటును 1986లో పోర్షే 959 అనే ఖరీదైన కారులో పెట్టారు. సామాన్యుల కార్లలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2000లో అమెరికాలో ఫైర్‌స్టోన్ టైర్ల పొరలు ఊడిపోయి, బండ్లు పల్టీ కొట్టి, ఎంతోమంది మరణించిన ఉదంతం బయటపడింది. లక్షల టైర్లను కంపెనీ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అదే సంవత్సరం అక్కడ చట్టం చేశారు. 2007 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నింటిలో ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది. ఐరోపాలో 2014 నవంబరు నుంచి అలాగే జరిగింది. మన దేశంలో 2020 జూలైలో నిబంధనలు సవరించారు. ఆ సవరణ ప్రకారం 3.5 టన్నులకు మించని ప్రయాణికుల బండ్లలో ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు కిట్టు, ఈ ఏర్పాటు ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదు. స్టెప్నీ లేని బండిలో ఈ దీపానికి ఉన్న విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

రెండు పద్ధతులు

మొదటి పద్ధతిలో టైరు లోపల, గాలి కొట్టే వాల్వు మొదట్లో, చిన్న సెన్సారు ఉంటుంది. అందులో గాలి ఒత్తిడిని, వేడిని కొలిచే పరికరం, చిన్న బ్యాటరీ, రేడియో ఉంటాయి. బండి నిలిచి ఉన్నప్పుడు బ్యాటరీ ఆదా కోసం అది దాదాపు నిద్రలో ఉంటుంది. చక్రం తిరిగితే మేలుకొని, సుమారు నిమిషానికి ఒకసారి కబురు పంపుతుంది. ప్రతి కబురులోనూ తన నంబరు చెప్పుకుంటుంది. కారులోని కంప్యూటరు దగ్గర తన చక్రాల నంబర్లు ముందే నమోదై ఉంటాయి. పక్కన పోయే కారు సెన్సారు కబురు చెవిన పడినా లెక్కలోకి తీసుకోదు. సభ్యత్వ నంబరు లేనివారి పాలు మన సంఘంలో పోయించుకోనట్టే ఇదీ.

రెండవ పద్ధతిలో టైరులో ఏ సెన్సారూ ఉండదు. బ్రేకుల కోసం ప్రతి చక్రం దగ్గర ఉన్న వేగం కొలిచే పరికరంతోనే పని జరుపుతారు. గాలి తగ్గిన టైరు కొంచెం అణిగి, చిన్న చక్రంలా అవుతుంది. ఒకే దూరానికి పెద్ద చక్రం కన్నా చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరగాలని ఎడ్లబండి తోలినవారికి మనం చెప్పాలా? ఆ తేడా చూసి కంప్యూటరు దీపం వెలిగిస్తుంది. ఈ పద్ధతికి ఖర్చు తక్కువ. కాని నాలుగు టైర్లలోనూ సమంగా గాలి తగ్గితే పోల్చడానికి తేడా దొరకదు. గాలి సరిచేసిన ప్రతిసారీ బటను నొక్కి "ఇదే సరైన గాలి" అని దానికి చెప్పాలి. గాలి తక్కువగా ఉన్నప్పుడు నొక్కితే ఆ తక్కువనే సరైనదిగా నమ్ముతుంది.

గాలి పోతున్నట్టు ఎలా తెలుస్తుంది?

అమెరికా నిబంధన ప్రకారం, ఉండవలసిన గాలిలో నాలుగో వంతు తగ్గితే, బండి నడుస్తున్న 20 నిమిషాల లోపు దీపం వెలగాలి. పంక్చరు షాపు భాషలో 32 పాయింట్లు ఉండవలసిన టైరు 24కు దిగాలన్నమాట. అంటే 26 దగ్గర ఉన్నప్పుడు దీపం వెలగకపోవచ్చు. దీపం లేదు గనుక గాలి సరిగా ఉందని అనుకోరాదు.

సన్నని లీకును సెన్సారు తన మామూలు వంతులో చెబుతుంది. గాలి హఠాత్తుగా పడిపోతే మాత్రం వంతు కోసం ఆగదు, వెంటనే వరుసగా కబుర్లు పంపుతుంది. చలికి కూడా గాలి ఒత్తిడి తగ్గుతుంది. వేడి 10 డిగ్రీలు తగ్గితే సుమారు ఒకటిన్నర, రెండు పాయింట్లు దిగుతుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున లంబసింగి వంటి చోట దీపం వెలిగి, బండి కొంతదూరం నడిచి టైరు వేడెక్కాక ఆరిపోతే అది లీకు కానక్కరలేదు. కాని అంచుదాకా తక్కువగా ఉన్నట్టే లెక్క. గాలి పట్టించాలి.

కబురు రాని చక్రం

ఇది ముఖ్యం. ఒక చక్రం నుంచి కబురే రాకపోతే కంప్యూటరు ఏమి చేస్తుంది? చెడ్డ మాట రాలేదు గనుక అంతా క్షేమమే అనుకోదు. కొంతసేపు ఎదురు చూసి, అప్పటికీ ఆ నంబరు పలకకపోతే దానిని లోపంగానే తీసుకుంటుంది. ఒకే దీపంతో రెండు సంగతులూ చెప్పాలి గనుక తేడా ఇలా పెట్టారు: గాలి తగ్గితే దీపం నిలకడగా వెలుగుతుంది. కబురు అందకపోతే 60 నుంచి 90 సెకన్లు కొట్టుకుని, ఆ తరువాత నిలకడగా వెలుగుతుంది. లోపం సరిచేసేవరకు బండి స్టార్టు చేసిన ప్రతిసారీ ఇలాగే చేస్తుంది.

కబురు ఎందుకు రాలేదో మాత్రం అది చెప్పలేదు. 5 నుంచి 10 ఏళ్లలో బ్యాటరీ అయిపోవచ్చు. దానిని మార్చడం కుదరదు, సెన్సారే కొత్తది వేయాలి. సెన్సారు లేని స్టెప్నీ బిగించి ఉండవచ్చు. టైరు విప్పేటప్పుడు ఇనుప కడ్డీ తగిలి సెన్సారు విరిగి ఉండవచ్చు. కొత్త సెన్సారు వేసి నంబరు నమోదు చేయించకపోయి ఉండవచ్చు.

మన పాల రిజిస్టరులో ఒక సభ్యుని పేరు ఎదుట వెన్న శాతం గడి ఖాళీగా ఉందనుకోండి. ఆడిట్‌లో దానిని మేము సున్న అని చదవము, బాగుందనీ చదవము. పాలు పోయలేదా, పోసినా పరీక్ష చేయలేదా అని అడుగుతాము. కారులోని కంప్యూటరు చేసేదీ అదే. ఆనాడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పనిది మేమే.

సభ్యులు గమనించవలసినవి

1. దీపం నిలకడగా వెలిగితే వేగం తగ్గించి, భద్రమైన చోట ఆపి, నాలుగు టైర్లూ చూడండి.

2. దీపం కొట్టుకుని తరువాత నిలిచిపోతే సెన్సారు లోపం. బండి నడుస్తుంది గదా అని నెలల తరబడి ఉంచరాదు. అది వెలుగుతున్నంత కాలం వేరే టైరులో లీకు వచ్చినా ఆ దీపం మీకు చెప్పలేదు.

3. టైరు విప్పే ముందు "లోపల సెన్సారు ఉంది" అని పంక్చరు షాపువారికి చెప్పండి. పంక్చరు ద్రవం పోయిస్తే అది సెన్సారుకు సరిపడునో లేదో అడగండి.

4. నెలకు ఒకసారి, ఉదయం బండి కదలక ముందు, గేజీతో గాలి చూసుకోండి. ఎంత ఉండవలసినదీ డ్రైవరు తలుపు అంచున అంటించిన చీటీలో ఉంటుంది. పాలు మోసే పాత వ్యాన్లకు ఈ ఏర్పాటు ఉండదు గనుక వాటికి గేజీయే దిక్కు.

మా డ్రైవరు మరుసటి వారమే కొత్త సెన్సారు వేయించాడు. ఇప్పుడు ఆ దీపం స్టార్టు చేయగానే ఒక క్షణం వెలిగి ఆరిపోతున్నది. అద్దె బండ్లు పెట్టుకునే సంఘాల కార్యదర్శులు ఎక్కగానే దీపం ఆరిందో లేదో ఒకసారి చూడవలసిందిగా కోరుతున్నాము. ఆరకపోతే, మాలాగ ఊరుకోవద్దు.

— ఒక సహకార ఇన్‌స్పెక్టరు