తునికాకు ఎండ - మతి మాత్రల జాగ్రత్త

దుమ్ముగూడెం: ఎండలు ముదిరి తునికాకు పని మొదలయ్యే రోజులలో ఈ ప్రాంతపు గూడేలలో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవి బాట పడతారు. 50 ఆకుల కట్టలు కట్టి కల్లానికి చేర్చేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. అలా వెళ్ళేవారిలో మతి జబ్బుకు మాత్రలు వాడుతున్నవారూ ఉంటారు. ఆ మాత్రలలో కొన్నింటికి ఈ ఎండ పడదన్న సంగతి చాలామందికి తెలియదు.

గాలి సోకిన మనిషికి మాత్ర ఏం చేస్తుందని అడిగేవారు నేటికీ లేకపోలేదు. వారు సర్పగంధ కథ వినవలసి ఉన్నది. పాముకాటుకూ, పిచ్చికీ మన దేశంలో తరతరాలుగా వాడిన అడవి వేరు అది. ఉత్తరాదిన దానికి 'పాగల్ కా దవా' అనే పేరే ఉన్నది. పిచ్చి ఉద్రేకాన్ని, రక్తపోటును ఆ వేరు తగ్గిస్తున్నదని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండులో దాని నుంచి రిసెర్పైన్ అనే మందును వేరు చేశారు. ప్రపంచమంతటా పిచ్చాసుపత్రులలో అది వాడుకలోకి వచ్చింది. అయితే రక్తపోటు మరీ పడిపోవడం, కొందరికి దిగులు పట్టుకోవడం చూసి తర్వాత మానసిక వైద్యులు దానిని దాదాపు వదిలివేశారు. కనుక ఇప్పుడు ఎవరూ వేరు తవ్వి నూరి తాగించరాదు.

అదే 1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ వాడి మేలు చూశారు. అంతకు మూడేళ్ళ ముందే, 1949లో, ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం గుణాన్ని కనుగొన్నాడు. ఒకప్పుడు పట్టరాని ఉద్రేకం, మరొకప్పుడు తీరని దిగులు కలిగే జబ్బుకు ఇప్పటికీ అది మేలైన మందు.

చిక్కంతా ఈ లిథియంతోనే. అది మూత్రం ద్వారానే బయటకు పోవాలి. చెమటతో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మందు నెత్తురులోనే పేరుకుంటుంది. అప్పుడు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, చేతులు బాగా వణుకుతాయి, మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది. చూసినవారు ఇప్పసారా తాగాడనుకుంటారు. ఆ అనుమానంతో అతనిని చెట్టు నీడన పడుకోబెట్టి వదిలేస్తే ప్రాణానికే ముప్పు. మరో మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒళ్ళు నొప్పులకని వేసుకునే ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కూడా లిథియాన్ని పెంచుతాయి. ఎవరైనా నొప్పుల మాత్ర ఇస్తుంటే తాము లిథియం వాడుతున్నామని ముందే చెప్పాలి. అడవికి వెళ్ళేటప్పుడు నీళ్ళు వెంట ఉండాలి, తిండిలో ఉప్పు ఒక్కసారిగా తగ్గించరాదు.

క్లోర్‌ప్రోమజీన్ వాడేవారి చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది, ఒళ్ళు వేడిని తట్టుకోలేదు. అటువంటివారు ఉదయపు పని చూసుకుని నీడకు చేరడం మంచిది. సారా, కల్లు తాగితే మత్తు రెట్టింపవుతుంది.

ఇంత విని మాత్రలే మానేస్తే మరింత చేటు. నిజానికి ఎక్కువమందికి జబ్బు తిరగబెట్టేది అక్కడే. దిగులు మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా 'గుణం లేద'ని కొందరు, గుణం కనిపించగానే 'ఇక ఎందుక'ని మరికొందరు ఆపేస్తారు. కాళ్ళు బిగిసినా, చొంగ కారినా డాక్టరుకు చెబితే మోతాదు మారుస్తారు, విరుగుడు మాత్ర ఇస్తారు. నిద్రమాత్రల సంగతి వేరు. అవి అలవాటు పడతాయి, కానీ వాటినీ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదమున్నది. 2015లో మత్తుమందు కలిపిన కల్లు సరఫరా ఆగినప్పుడు తెలంగాణ జిల్లాలలో పలువురు మతి చలించి ఎర్రగడ్డ ఆసుపత్రి పాలైనది ఇందుకే.

పూజారి చేత పూజ చేయించుకుంటామంటే కాదనేవారు లేరు, మాత్ర మాత్రం ఆపకుండా ఉంటే చాలు. రోగిని గొలుసుతో కట్టివేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. అత్యవసర మందుల జాబితాలోని మతి మందులను సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ప్రభుత్వ ఆసుపత్రులలో అన్ని వేళలా ఉచితంగా ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతున్నది. చీటీ పట్టుకుని భద్రాచలం వెళ్ళేవారు ఈ మాట అడగడానికి వెనుకాడనక్కరలేదు. కూలి పోగొట్టుకుని, 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఎర్రగడ్డకు పోవడం అందరి వల్లా అయ్యే పని కాదు. తునికాకు పని మొదలుకాక ముందే ఆ నెలలకు సరిపడా మాత్రలు గూడేలకు చేరేలా అధికారులు చూడవలసి ఉన్నది.

సందేహమున్నవారు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలి మానస్ సేవలో తెలుగులోనే మాట్లాడతారు.