రెగే సంగీతంలో బేస్ నాదం: ఆంప్లిఫైయర్, స్పీకర్ల ఎంపిక

1960ల చివర జమైకాలో రూపుదిద్దుకొన్న రెగేలో బేస్ గిటార్ కేవలం పక్కవాద్యం కాదు. పాటకు ఆధారమైన స్వరపంక్తిని అదే మోస్తుంది. కనుక పరికరాల ఎంపికకు మంద్రస్వర స్పష్టతే ప్రధాన ప్రమాణం.

నాలుగు తంత్రుల బేస్‌లో అట్టడుగు స్వరం సుమారు 41 హెర్ట్జ్. స్వరం ఒక స్థాయి దిగితే, అదే ధ్వనిపీడనం కోసం స్పీకర్ పొర నాలుగు రెట్ల దూరం కదలాలి. పొర వైశాల్యం పెరిగితే ఈ భారం తగ్గుతుంది. అందుకే 15, 18 అంగుళాల స్పీకర్లు రెగేకు అనుకూలం.

ఆంప్లిఫైయర్ శక్తిని రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెళ్లే. 3 డెసిబెళ్లు అధిక సున్నితత్వం గల స్పీకర్ కూడా అదే ఫలితమిస్తుంది. అయితే శక్తి చాలకపోతే తరంగ శిఖరాలు తెగి, నాదం కర్కశమవుతుంది. కాబట్టి ముందు స్పీకర్‌ను నిర్ణయించి, అది సహించే పరిమితిలో మిగులు శక్తి గల ఆంప్లిఫైయర్‌ను జతచేయడం సమంజసం.