బిజినెస్ స్కూల్‌లో ‘గ్లోబల్’ ప్రోగ్రామ్ అంటే ఏంటి? లోన్ తీసుకునే ముందు ఇది చూడండి

పోయిన వారం మన బాసర ట్రిపుల్ ఐటీలో చదివే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. “అన్నా, ఎంబీఏ కాలేజీ బ్రోచర్ల గ్లోబల్ ఇమ్మర్షన్ అని ఉంది. ఫీజు మస్తుంది. చేరితే ఫారిన్ జాబ్ వస్తదా? నాయిన పొలం కాగితాలు పెట్టి లోన్ తీస్తా అంటుండు.” పొలం కాగితాలు బ్యాంకుకు పోయే ముందే దీనికి జవాబు తెలియాలి. అందుకే ఈ ఎపిసోడ్.

‘గ్లోబల్’ అనే ఒక్క మాట కింద నాలుగు వేరే వేరే విషయాలు ఉంటాయి.

మొదటిది, ఇమ్మర్షన్. వారం, రెండు వారాల ట్రిప్. అక్కడి కంపెనీలు చూస్తారు, కొన్ని క్లాసులు వింటారు, వచ్చేస్తారు. పది రోజుల ట్రిప్ అనుకోండి. ప్రయాణానికి రెండు రోజులు, ఊరు చూడటానికి రెండు రోజులు తీసేస్తే మిగిలేది ఆరు. పరిచయానికి మంచిదే, కానీ డిగ్రీ రాదు.

రెండోది, ఎక్స్ఛేంజ్. ఒక టర్మ్ మొత్తం విదేశీ స్కూల్‌లో చదవడం. మామూలుగా ట్యూషన్ ఫీజు మన కాలేజీకే కడతాం. టికెట్, వీసా, అక్కడ గది, తిండి మాత్రం మన జేబులోంచే. అసలు ఖర్చు ఇక్కడే దాక్కుంటుంది. డిగ్రీ మాత్రం మన కాలేజీదే.

మూడోది, జాయింట్, డ్యూయల్ డిగ్రీలు. ఇక్కడ విదేశీ సంస్థ పేరు కూడా పట్టా మీదికి వస్తుంది. వీటికి యూజీసీ 2022లో రూల్స్ పెట్టింది. జాయింట్ డిగ్రీలో రెండు సంస్థల దగ్గరా కనీసం 30 శాతం చొప్పున క్రెడిట్లు చేయాలి. ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకు ఈ రూల్స్ వర్తించవు. ఇంట్లో కూర్చొని ఫారిన్ డ్యూయల్ డిగ్రీ అని ఎవరైనా అమ్మితే అక్కడే ఆగండి.

నాలుగోది, ప్రపంచమే మన దగ్గరికి రావడం. దీనికి మంచి ఉదాహరణ హైదరాబాద్ గచ్చిబౌలిలోని ఐఎస్‌బీ. 2001 డిసెంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. మొదటి నుంచే అమెరికాలోని కెలాగ్, వార్టన్ స్కూళ్ళు భాగస్వాములు. విదేశీ ప్రొఫెసర్లు వచ్చి ఇక్కడే పాఠం చెప్పే పద్ధతి పెట్టుకున్నారు. అంటే, ఫ్లైట్ ఎక్కకుండానే కొంత గ్లోబల్ క్లాస్‌రూమ్ దొరుకుతుంది. ఆసక్తి ఉన్నవాళ్ళకు ఎక్స్ఛేంజ్ కూడా ఉంది.

ఇప్పుడు తమ్ముడి అసలు ప్రశ్న: ఫారిన్ జాబ్ వస్తదా? ట్రిప్పుకో ఎక్స్ఛేంజ్‌కో వెళ్ళినంత మాత్రాన అక్కడ ఉద్యోగం చేసే హక్కు రాదు. ఉదాహరణకు యూకేలో గ్రాడ్యుయేట్ వీసా కావాలంటే అక్కడి సంస్థలో అర్హత ఉన్న కోర్సు పూర్తి చేసి ఉండాలి. మన కాలేజీ డిగ్రీలో భాగంగా ఒక టర్మ్ ఉండి వస్తే సరిపోదు.

మరి లాభం లేదా? ఉంది. వేరే దేశాల వాళ్ళతో కలిసి ఒక ప్రాజెక్ట్ చేస్తే మన ఇంగ్లీష్ భయం పోతుంది. మన ఊరి లెక్క ఒక్కటే లెక్క కాదని తెలుస్తుంది. పరిచయాలు మిగులుతాయి. కానీ అది ఎంత ధరకు అనేది మనం చూసుకోవాలి.

కాబట్టి చేరే ముందు కాలేజీని నాలుగు ప్రశ్నలు అడగండి. మెయిల్‌లోనే అడగండి, జవాబు రాతలో ఉంటుంది.
ఒకటి: ఇది అందరికీనా, సెలెక్ట్ అయిన కొందరికేనా?
రెండు: ఫీజులో ఏం కలిసి ఉంది, ఏం లేదు?
మూడు: అక్కడ చదివిన క్రెడిట్లు ఇక్కడ లెక్కలోకి వస్తాయా?
నాలుగు: పోయినేడు ఎంతమంది వెళ్ళారు, ఏ స్కూల్‌కి?
సూటిగా జవాబు రాకపోతే, అదే మీకు జవాబు.

మన బాసర అమ్మవారి గుడిలో రోజూ ఎంతోమంది పిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తారు. ఆ రోజే ఎవరూ పండితులైపోరు, అసలు చదువు ఇంటికి వెళ్ళాక మొదలవుతుంది. రెండు వారాల ఇమ్మర్షన్ కూడా అంతే. అక్షరాభ్యాసానికి పొలం తాకట్టు పెట్టకండి తమ్ముడూ.

ఇంకా డౌట్లు ఉంటే కామెంట్‌లో రాయండి. మళ్ళీ కలుద్దాం!