దున్నితే కలుపు పెరుగుతుందా?

కలుపు పోవాలంటే పొలాన్ని బాగా దున్నాలని రైతు కుటుంబంలో పుట్టినవారు ఎవరైనా చెబుతారు. మొలిచిన కలుపును నాగలి పెకలిస్తుంది కాబట్టి ఆ మాటలో నిజముంది. కానీ పంజాబ్, హర్యానా గోధుమ పొలాల్లో ఒక గడ్డి విషయంలో ఈ లెక్క తలకిందులైంది.

ఆ గడ్డి శాస్త్రీయ నామం ఫలారిస్ మైనర్. అక్కడివాళ్లు గుల్లీ డండా అంటారు. మన బిళ్లంగోడు ఆటను ఉత్తరాదిలో పిలిచే పేరే అది. లేత దశలో ఈ గడ్డి అచ్చం గోధుమ మొక్కలా ఉంటుంది కనుక చేత్తో ఏరడం కష్టం. అందుకే రైతులు ఐసోప్రోట్యూరాన్ అనే కలుపు మందును నమ్ముకున్నారు. ఏళ్ల తరబడి అదే మందు కొట్టడంతో, దానికి చావని మొక్కలే మిగిలి విత్తనాలు రాల్చాయి. 1990ల తొలినాళ్లకు హర్యానాలోని చాలా పొలాల్లో ఆ మందు పనిచేయడం మానేసింది. కొందరు రైతులు గింజ పట్టకముందే పైరును కోసి పశువులకు మేతగా వేశారు. తర్వాత వచ్చిన మందుల్లో కొన్నింటికి కూడా ఈ గడ్డి లొంగడం లేదు.

దుక్కిలో ఏం జరుగుతుంది?

గోధుమ గింజ బరువు సుమారు 40 మిల్లీగ్రాములు. గుల్లీ డండా విత్తనం 2 మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. అంత చిన్న విత్తనంలో నిల్వ ఉండే ఆహారం తక్కువ. లోతున పడితే దాని మొలక నేల పైకి రాలేదు. అలా అని విత్తనం చచ్చిపోదు, నిద్రావస్థలో ఉండిపోతుంది. దున్నినప్పుడు అది పైపొరలోకి వస్తుంది. వెలుతురు, గాలి తగిలి మొలకెత్తుతుంది. అంటే నాగలి ఈ ఏటి కలుపును చంపుతూనే, పాత విత్తనాలను నిద్ర లేపుతోంది.

వరి కోశాక దున్నకుండా, సన్నని గాడి చేసి అందులోనే గోధుమ విత్తితే మిగతా నేల కదలదు. కోస్తా ఆంధ్రలో వరి తర్వాత దున్నకుండా మొక్కజొన్న వేయడం చూసినవారికి ఇది తెలిసిన పద్ధతే. నేల మీదే ఉండిపోయిన కలుపు విత్తనాల్లో కొన్నింటిని చీమలు, పక్షులు తినేస్తాయి. వరి గడ్డిని తగలబెట్టకుండా పరిచి ఉంచితే, ఆ నీడ కింద మొలకలు తగ్గుతాయి. దుక్కికి పట్టే రోజులు మిగులుతాయి కాబట్టి విత్తనం ముందే పడుతుంది. గుల్లీ డండా బాగా మొలవాలంటే చలి ముదరాలి. ఆలోపు గోధుమ ఎదిగి నేలను కమ్మేస్తుంది.

ఎరువు ఎవరికి అందుతోంది?

యూరియా గింజలకు పైరుకూ కలుపుకూ తేడా తెలియదు. పొలమంతా వెదజల్లితే సాళ్ల మధ్య ఉన్న కలుపుకూ సమానంగా అందుతుంది. గుల్లీ డండా నత్రజనిని ఆబగా పీల్చుకుంటుంది. పైగా పరిచిన గడ్డి మీద పడిన యూరియాలో కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. భాస్వరం సంగతి వేరు. అది నేలలో పెద్దగా కదలదు, వేసిన చోటే ఉంటుంది. అందుకే విత్తనంతో పాటు ఎరువును కూడా సాలులోనే, గింజకు కాస్త కింద పడేసే వెదగొర్రును వాడతారు. అప్పుడు ఎరువు ముందుగా గోధుమ వేళ్లకు దొరుకుతుంది.

అయితే దున్నడం మానేస్తే కలుపు బెడద మొత్తం తీరిపోదు. దున్నని పొలాల్లో గుల్లీ డండా తగ్గిన చోట రూమెక్స్ డెంటాటస్ అనే వెడల్పాకు కలుపు పెరిగింది. ఇది మన చుక్కకూరకు దగ్గరి బంధువు. దీని తేలికపాటి విత్తనాలు నేల మీదే ఉండి సులువుగా మొలుస్తాయి. పద్ధతి మారితే కలుపు జాతీ మారుతుందన్నమాట.

కాబట్టి మందు ఒక్కటే కాదు, దుక్కి ఒక్కటే కాదు, ఏ ఒక్క ఉపాయాన్నీ ఏటా వాడితే దాన్ని తట్టుకునే కలుపే మిగులుతుంది. మధ్యలో ఒక ఏడాది గోధుమకు బదులు బర్సీం పశుగ్రాసం వేస్తే, మేత కోసం పదే పదే కోసినప్పుడు గుల్లీ డండా కూడా విత్తనం కట్టకముందే తెగిపోతుంది. ఆ ఏడాది రాలని విత్తనాలే రాబోయే ఏళ్లలో రైతుకు మిగిలే మందు ఖర్చు.