డబ్బా మీద 50 వాట్లు... లోపల ఎన్ని?

కారు కొన్న కొన్నాళ్లకే చాలామందికి వచ్చే కోరిక ఒకటుంది... ‘సౌండ్ సరిపోవట్లేదు, సిస్టమ్ మార్చాలి’. వెంటనే ఫోన్ తీసి వెతుకుతాం. ఒక స్పీకర్ల జత మీద 300 వాట్లు అని ఉంటుంది, పక్కదాని మీద 450. ఆంప్లిఫైయర్ మీదైతే ఏకంగా 2000! ధరలో పెద్ద తేడా కనపడదు. ఇంకేముంది, పెద్ద నంబర్ ఉన్నదే కార్ట్‌లో పడుతుంది. కొన్ని నెలలు గడిచేసరికి డోర్ స్పీకర్ బరబరమంటుంది, లేదా పూర్తిగా మూగబోతుంది.

చాలాసార్లు స్పీకరూ మంచిదే, ఆంపూ మంచిదే. రెండింటికీ జత కుదరదు, అంతే. ఆ జత కుదర్చడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. పదో తరగతిలో బట్టీ కొట్టిన ఓమ్ నియమం చాలు.

ఆ 50 ఎక్కడి నుంచి వచ్చింది?

కారు స్టీరియో డబ్బా మీద ‘4×50 వాట్లు’ అని చూసే ఉంటారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండే వోల్టేజీ సుమారు 14.4. స్టీరియోలోని చిప్ స్పీకర్‌కి అంతకు మించి ఇవ్వలేదు. శబ్దం అలలా పైకీ కిందికీ కదులుతుంది కదా. ఆ అల శిఖరం 14.4 వోల్టులైతే, నిజంగా పని చేసే వోల్టేజీ 10.2 మాత్రమే. దీన్నే ఆర్ఎంఎస్ అంటారు. 10.2ని 10.2తో గుణించి, స్పీకర్ 4 ఓమ్‌లతో భాగించండి. వచ్చేది 26 వాట్లు. చిప్‌లో జరిగే నష్టం తీసేస్తే చేతికి మిగిలేది 20 దరిదాపుల్లోనే.

మరి 50? అల పైభాగాన్నీ కింది భాగాన్నీ కత్తితో కోసినట్టు చదును చేసేయండి. అప్పుడు 14.4 వోల్టులూ పూర్తిగా స్పీకర్‌కి వెళ్తాయి. 14.4 ఇంటూ 14.4, బై 4... దాదాపు 52! అంటే డబ్బా మీద గొప్పగా రాసుకున్నది పాట పాడుతున్నప్పటి పవర్ కాదు, పాట పూర్తిగా పాడైపోయినప్పటి పవర్ అన్నమాట.

అందుకే ‘మ్యాక్స్’, ‘పీక్’, ‘పీఎంపీఓ’ అని ఉన్న అంకెల్ని పట్టించుకోవద్దు. ఆర్ఎంఎస్ ఎంతో చూడండి. ఈ అంకెల గారడీని అరికట్టడానికే అమెరికాలో 2003లో సీఈఏ-2006 అనే ప్రమాణం తెచ్చారు. ఇప్పుడు దాన్ని సీటీఏ-2006 అంటున్నారు. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల లోడ్ మీద, శబ్దం 1 శాతానికి మించి చెడకుండా ఆంప్ ఎంత ఇస్తుందో అదే రాయాలన్నది దాని సారాంశం. ఆంప్ స్పెసిఫికేషన్‌లో ఈ పేరు కనిపిస్తే ఆ అంకెను కాస్త నమ్మొచ్చు.

చిన్న ఆంపే ఎక్కువ ప్రమాదం

‘ఆంప్ పెద్దదైతే స్పీకర్ కాలిపోతుంది, చిన్నది పెట్టుకుంటే సేఫ్’ అని చాలామంది అనుకుంటారు. పైన వేసిన లెక్కే మళ్లీ చూడండి. అల చదునైపోతే పవర్ రెట్టింపవుతుంది. 50 వాట్ల ఆర్ఎంఎస్ ఆంప్‌ని హైవే మీద ఫుల్ వాల్యూమ్‌లో పిండితే, చదునైన అలతో అది 100 వాట్ల దాకా ఇవ్వగలదు. అటువైపున్నది 60 వాట్ల స్పీకర్ అయితే లోపలి వాయిస్ కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. అల ఇలా చదునైపోవడాన్నే క్లిప్పింగ్ అంటారు. పైగా అలను అలా కోసినప్పుడు పాటలో లేని హై ఫ్రీక్వెన్సీలు పుట్టుకొస్తాయి. అవి నేరుగా ట్వీటర్ మీద పడతాయి. చాలా కార్లలో ముందు పోయేది ట్వీటరే కావడానికి ఇదో కారణం.

తక్కువ పవర్ దానంతటది స్పీకర్‌ని ఏమీ చేయదు. లేని పవర్ కోసం చిన్న ఆంప్‌ని పిండడమే కొంప ముంచుతుంది. కాబట్టి, స్పీకర్ ఆర్ఎంఎస్‌కి సమానంగానో, పాతిక శాతం ఎక్కువగానో ఉన్న ఆంప్ తీసుకోండి. 60 వాట్ల ఆర్ఎంఎస్ డోర్ స్పీకర్లకి, 4 ఓమ్‌ల దగ్గర ఛానెల్‌కి 75 వాట్లిచ్చే ఆంప్ చక్కగా కుదురుతుంది.

ఓమ్‌లు మర్చిపోతే ఆంప్ పోతుంది

కార్ స్పీకర్లు ఎక్కువగా 4 ఓమ్‌లవే. రెండింటిని ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు, సిరీస్‌లో కలిపితే 8 ఓమ్‌లు. సబ్‌ఊఫర్ కొనేటప్పుడు ఇది మరీ ముఖ్యం. రెండు కాయిళ్లున్న ‘డ్యూయల్ 4 ఓమ్’ సబ్‌ఊఫర్‌ని 2 ఓమ్‌లకో, 8 ఓమ్‌లకో మాత్రమే కలపగలం, 4కి కుదరదు. ఆంప్ మీద ‘బ్రిడ్జ్ చేస్తే కనీసం 4 ఓమ్‌లు’ అని ఉంటే, ఈ సబ్‌ఊఫర్‌ని 2 ఓమ్‌లకి కలిపి దానికి తగిలించడం అంటే ఆంప్‌ని చేతులారా పొయ్యి మీద పెట్టడమే. అదృష్టం బాగుంటే ప్రొటెక్ట్ లైట్ వెలిగి ఆగిపోతుంది. లేకపోతే లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి. ముందు సబ్‌ఊఫర్ ఎన్ని ఓమ్‌లకి కలపాలో తేల్చుకుని, ఆ తర్వాతే ఆంప్ వెతకండి.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు

ఆంప్ మీద ఉండే గెయిన్ నాబ్‌ని చివరికంటా తిప్పితే పవర్ పెరగదు, క్లిప్పింగ్ ముందే మొదలవుతుంది. దాన్ని మామూలు మల్టీమీటర్‌తో సెట్ చేసుకోవచ్చు. స్పీకర్ వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 60 ఇంటూ 4 అంటే 240, దాని వర్గమూలం సుమారు 15.5. ఇప్పుడు ఆంప్ నుంచి స్పీకర్ వైర్లు తీసేయండి. ఈక్వలైజర్ ఫ్లాట్‌లో, బాస్ బూస్ట్, ఫిల్టర్లు ఆఫ్‌లో ఉంచండి. స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక వంతు పెట్టి 100 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ప్లే చేయండి. మీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టి, 15.5 చూపించే దాకా గెయిన్ తిప్పి ఆపేయండి. తర్వాత స్పీకర్లు కలిపి, డోర్ స్పీకర్లకి 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ పెడితే లోతైన బాస్ భారం వాటి మీద పడదు.

ఒక్క విషయం. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగే శబ్దం 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు 10 రెట్ల పవర్ కావాలి. 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ 50 వాట్లతో చేసే పనిని 90 ఉన్నది 25 వాట్లతోనే చేసేస్తుంది. పెద్ద ఆంప్ మీద పెట్టే డబ్బు మంచి స్పీకర్ మీద పెట్టడమే లాభం.

వైర్ దగ్గర బేరాలొద్దు

నాలుగు ఛానెళ్లూ 75 వాట్ల చొప్పున ఇస్తే మొత్తం 300. నష్టాలు కలుపుకుంటే బ్యాటరీ నుంచి లాగేది దాదాపు 400 వాట్లు. అంటే దాదాపు 28 ఆంపియర్లు. అంత కరెంటుకి కనీసం 8 గేజ్ రాగి వైర్ కావాలి. చౌకగా దొరికే సీసీఏ వైర్ అంటే అల్యూమినియం మీద రాగి పూత. అదైతే ఇంకా లావుది, 4 గేజ్ వేయాలి. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే వైర్‌కి తగ్గ ఫ్యూజ్ ఉండాలి. ఆ ఫ్యూజ్ కాపాడేది ఆంప్‌ని కాదు, కారుని. వైర్ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే, ఫ్యూజ్ లేని చోట మంటలే.

విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లినా, సికింద్రాబాద్ రాణిగంజ్‌కి వెళ్లినా, బిల్లు వేయించుకునే ముందు నాలుగు మాటలు అడగండి. స్పీకర్ ఆర్ఎంఎస్ ఎంత? ఆ ఓమ్‌ల దగ్గర ఆంప్ ఆర్ఎంఎస్ ఎంత? గెయిన్ దేంతో సెట్ చేస్తారు? ఫ్యూజ్ ఎక్కడ పెడతారు? జవాబులు టకటకా వస్తే తాళాలు చేతికివ్వండి. ‘అవన్నీ మీకెందుకు సార్, 2000 వాట్లు!’ అంటే మాత్రం పక్క షాపు చూసుకోండి.