కలప గుజ్జులో దొరికిన గుట్టు

కోయంబత్తూరులో వెల్డింగు పని చేసే అరుణాచలం మురుగానందానికి 1998లో పెళ్లయింది. ఒకరోజు భార్య శాంతి నెలసరికి మాసిన గుడ్డపేలికలు పోగేసుకోవడం చూశాడు. ప్యాడ్లు కొంటే ఇంటికి పాలు కొనలేమని ఆమె చెప్పింది. వెంటనే వెళ్లి ఒక ప్యాకెట్ తెచ్చాడు. అందులో ఉన్నది 10 పైసల దూదే అనుకున్నాడు, అమ్మేది 4 రూపాయలకు. పద్నాలుగేళ్లకే బడి మానేసిన మనిషే అయినా ఆ లెక్క అతన్ని నిద్రపోనివ్వలేదు.

దూదితో సొంతంగా ప్యాడ్లు చేశాడు. భార్య బాగాలేవంది, చెల్లెళ్లూ అదే మాటన్నారు. ఇక వాడి చూసేవాళ్లే లేకపోవడంతో తనమీదే ప్రయోగానికి దిగాడు. ఫుట్‌బాల్ బ్లాడరులో మేకరక్తం నింపుకుని, నడుముకు కట్టుకుని, నడుస్తూ, సైకిలు తొక్కుతూ కొంచెం కొంచెంగా వదులుతూ పరీక్షించాడు. బట్టల మీద రక్తపు మరకలు చూసి ఊరు ఏవేవో అనుకుంది. భార్య పుట్టింటికి వెళ్లిపోయింది, కొన్నాళ్లకు తల్లి కూడా విడిగా ఉండసాగింది. ఆడపిల్లల నెలసరి గురించి పట్టించుకున్నందుకు ఒక మగవాడికి పడిన శిక్ష ఇది. అదే నెలసరి వచ్చినందుకు ఎందరు ఆడపిల్లలు ఇంట్లో ఓ మూలన కూర్చుంటున్నారో తలుచుకుంటే కోపం వస్తుంది.

కంపెనీ ప్యాడ్లలో ఏముందో తెలుసుకోవడానికి రెండేళ్లకు పైగా పట్టింది. ముడిసరుకు అమ్మే విదేశీ కంపెనీలకు ఫోన్లు చేయగా, ఎట్టకేలకు పోస్టులో గట్టి అట్టముక్కలు వచ్చాయి. చీల్చి చూస్తే లోపలంతా పీచు! అది పైన్ కలప గుజ్జు, అంటే సెల్యులోజు. దూది కూడా సెల్యులోజే. మరి తేడా ఎక్కడ? దూది పోగు పొడవైనది, కలప పోగు రెండు మూడు మిల్లీమీటర్లే. ఆ పొట్టి పోగుల్ని విడదీసి మళ్లీ అదిమితే మధ్య సందులు బాగా సన్నబడతాయి. తడి ఆ సందుల్లోకి పాకి, పరుచుకుని, అక్కడే నిలుస్తుంది. కూర్చున్నా, పరుగెత్తినా అంత తేలిగ్గా బయటికి రాదు.

ఆ అట్టను పీచు చేసి ప్యాడ్లుగా మార్చే యంత్రం ధర కోట్లలో ఉంది. మురుగానందం దాన్ని నాలుగు పనులుగా విడగొట్టాడు. మిక్సీలాంటి యంత్రం అట్టను పీచు చేస్తుంది. ఆ పీచును అచ్చులో నొక్కి దిండులా చేస్తారు. నేయకుండా తయారుచేసే నాన్‌వోవెన్ గుడ్డలో చుట్టి వేడితో అంచులు అతికిస్తారు. చివరికి అతినీలలోహిత కాంతి కింద సూక్ష్మక్రిములు చస్తాయి. మొదట్లో దీని ఖరీదు 65,000 రూపాయలు. ఏ భాగం ఏం చేస్తుందో కంటికి కనిపిస్తుంది, గంటలో పని పట్టుబడుతుంది. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఈ సులువే. 2006లో ఐఐటీ మద్రాసులో చూపించాక దానికి జాతీయ పురస్కారం వచ్చింది. అయినా అతను పెద్ద కంపెనీలకు అమ్ముకోలేదు, మహిళా సంఘాలకే ఇచ్చాడు. ఏ ఊరి సంఘం పేరు ఆ ఊరి ప్యాకెట్ మీద ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని కాఠీఖేడా మహిళలు తమ ప్యాడ్లకు 'ఫ్లై' అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీకి 2019లో ఆస్కార్ వచ్చింది. ఆ ఊరి యంత్రానికి డబ్బు పోగుచేసింది లాస్ ఏంజెలిస్‌లోని ఒక స్కూలు విద్యార్థినులు.

మన దగ్గర ఆంధ్రప్రదేశ్ 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' పథకం మొదలుపెట్టి, ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12 వరకు చదివే అమ్మాయిలకు నెలకు పది ప్యాడ్ల చొప్పున ఇచ్చింది. మంచి పని. కానీ ప్యాడ్‌ను నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి, బడి అంతకన్నా ఎక్కువసేపు నడుస్తుంది. కాబట్టి గొళ్లెం పడే తలుపు, లోపల నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట, ఆ బుట్టను రోజూ ఖాళీ చేసే మనిషి కూడా బడికి కావాలి. వాడిన ప్యాడ్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర మట్టిలో కలవదు. ఆ ప్యాడ్ మరుగుదొడ్డి గొట్టంలో పడితే నీళ్లు ఆగిపోతాయి, ఆ గదికి తాళం పడుతుంది.